అప్‌డేట్: వద్దన్నా మాడ్యులర్ ఫోన్ తీసుకున్నాను

కింది భాగం ఊడదీసి బ్యాటరీ, కెమెరా గ్రిప్ (ఫోటోలు తీసేటప్పుడు పట్టుకునే పిడి) లాంటి ముక్కలు, అంటే మాడ్యూళ్లు, మార్చుకునే పాత ఫ్లాగ్‌షిప్ ఫోన్ తీసుకోవచ్చా అని ఆమధ్య అడిగాను కదా. సగం మంది వద్దన్నారు. ఉండబట్టలేక తీసేసుకున్నాను. మూడు నెలలైంది.

బ్యాటరీ విషయంలో మాత్రం పండగే. మొన్న ప్రయాణంలో చార్జ్ 4 శాతానికి పడిపోయింది. పక్కనున్న బటన్ నొక్కి, కింది ముక్క లాగి, జేబులోని రెండో బ్యాటరీ బిగించాను. అంతే, మళ్లీ 100. పవర్ బ్యాంక్ వైరు వేలాడేసుకుని తిరిగే బాధ తప్పింది.

చిక్కల్లా ఏంటంటే, ఆ ముక్క లాగగానే ఫోన్ ఆగిపోతుంది. కెమెరా గ్రిప్ తగిలించాలన్నా ఇదే తంతు. గోడ మీద పిల్లిని ఫోటో తీద్దామని గ్రిప్ బిగించాను. ఫోన్ ఆన్ అయ్యేసరికి గోడే మిగిలింది! ఇప్పుడా గ్రిప్ డ్రాయర్‌లో ఉంది. మోటరోలా వాళ్ల మోటో జెడ్ ఫోన్‌లోలా అయస్కాంతాలతో వెనక అతుక్కునే మాడ్యూళ్లే నయం, ఫోన్ ఆపక్కర్లేదు.

అతుకు దగ్గర సన్నటి సందులో దుమ్ము చేరుతోంది. వానలో బయటికి తీయాలంటే టెన్షనే.

గూగుల్ అంతటిది 2016లోనే తన మాడ్యులర్ ఫోన్ ప్రయత్నం ప్రాజెక్ట్ ఆరాను ఆపేసిందని ఒకరు హెచ్చరించారు. నిజమే, నా ఫోన్‌కీ కొత్త మాడ్యూళ్లు రావడం లేదు. తర్వాతి మోడల్‌కి ఇవి పట్టవు కూడా. అందుకే ఇంకో బ్యాటరీ కొని, సగం చార్జ్‌తో దాచిపెట్టాను.