బడిలో పప్పు పలచన, గుడ్డు బంద్: కమిటీ సభ్యురాలిగా నేనేం చెయ్యాలి?

ప్రశ్న (గుణుపురం దగ్గరి పల్లె, రాయగడ జిల్లా, ఒడిశా):

మా బడిలో ఐదో తరగతి దాకా 42 మంది పిల్లలు. సగానికి పైగా సవర గిరిజన కుటుంబాల వాళ్లు. కూలికి వెళ్లే ఇళ్లు, పొద్దున గంజి ఉంటే తాగి వస్తారు, లేకపోతే ఖాళీ కడుపుతోనే. మధ్యాహ్నం బడిలో తినేదే వాళ్లకి అసలు తిండి. బియ్యం సరిగ్గానే వస్తోంది. కానీ ఈమధ్య దాల్మా (పప్పు, కూరగాయలు కలిపి వండేది) అంటే పసుపు నీళ్లు, అడుగున రెండు బంగాళదుంప ముక్కలు. బుధ, శనివారాల్లో పెట్టాల్సిన గుడ్డు ఆగిపోయింది. డబ్బు పడలేదు, కొట్టువాడు అరువు ఇవ్వనంటున్నాడు అని వండే మహిళా సంఘం వాళ్లు అంటున్నారు. వాళ్లూ మా ఊరి ఆడవాళ్లే, గొడవ పడలేను. ఈ ఏడాది నన్ను బడి కమిటీలో వేశారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (రిటైర్డ్ టీచరు, పర్లాకిమిడి):

అమ్మా, సంఘం వాళ్లు చెప్పేది నిజమే కావచ్చు. బిల్లు ఆలస్యమైతే మొదట తగ్గేది పప్పే. వాళ్లని నిలదీసే ముందు ఒక పూట తూకం దగ్గర నిలబడండి. ఐదో తరగతి వరకు ఒక్కో పిల్లకి రోజుకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. మీ 42 మందీ వచ్చిన రోజు పప్పు 840 గ్రాములు, కూరగాయలు 2 కిలోల 100 గ్రాములు పడాలి. కాటా మీద ఎంత తూగిందో, ఆ రోజు ఎంతమంది తిన్నారో తేదీ వేసి రాసుకోండి. అప్పుడు మాట మనుషుల మీదకి పోదు, లెక్క మీదే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. 2015 మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం వంట ఖర్చు తాత్కాలికంగా అందకపోతే, హెడ్‌మాస్టరు బడిలో ఉన్న ఏ నిధి నుంచైనా వాడి భోజనం నడపొచ్చు. తర్వాత అది తిరిగి జమ అవుతుంది. చాలామంది ఆడిట్‌కి భయపడి ముట్టుకోరు. కమిటీ తీర్మానం రాసి సంతకాలు పెట్టిస్తే ఆయనకీ ధైర్యం.

మరొకరు (కాశీనగర్):

అన్నా, ఊళ్లో తలా కొంత చందా వేసుకుంటే పోదా? గుడ్లు ఎంతవుతాయి?

టీచరు:

తమ్ముడూ, పండగకో పుట్టినరోజుకో ఎవరైనా అదనంగా పెడితే మంచిదే, దానికి తిథి భోజనం అని పథకంలోనే చోటు ఉంది. కానీ రోజూ పెట్టాల్సినది చందాతో నడిపితే, కూలి దొరకని వారం ఎవరిస్తారు? 2013 ఆహార భద్రత చట్టంలో ఈ భోజనం పిల్లల హక్కు. సరుకులు, డబ్బు లేక వంటే ఆగిపోతే, ఆ రోజుల బియ్యం, వంట ఖర్చు పిల్లలకి భత్యంగా తర్వాతి నెల 15వ తేదీలోగా ఇవ్వాలి. ఆ బాధ్యత మన నెత్తిన వేసుకుంటే అడిగే నోరు పోతుంది.

ప్రశ్న అడిగినవారు:

హెడ్‌మాస్టరు ఒప్పుకోకపోతే? నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు.

టీచరు:

తీర్మానం కాపీ జతచేసి బ్లాక్ విద్యాధికారికి అర్జీ పెట్టండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడా కదలకపోతే కలెక్టరు గ్రీవెన్స్‌కి. అర్జీలో సంఘం వాళ్లకి రావాల్సిన బకాయి కూడా రాయండి, వాళ్లే మొదట సంతకం పెడతారు. ఓ వారం తూకం లెక్క రాసి ఫొటో ఇక్కడ పెట్టండమ్మా, ఒడియాలో నేను రాసిస్తాను.