‘ప్రభువును ఎదుర్కొనుటకు’: ఇక్కడ ఎదుర్కోవడం అంటే ఏమిటి?

గ్రూపులో పెద్దలందరికీ వందనాలు. ప్రభువు రాకడ (మళ్లీ రావడం) గురించి పౌలు థెస్సలొనీక విశ్వాసులకు రాసిన 1 థెస్సలొనీకయులకు 4:17లో ఒక మాట మీద మీ అందరి అభిప్రాయం కావాలి. పాత అనువాదంలో వచనం ఇది: “ఆ మీదట సజీవులమై నిలిచియుండు మనము వారితోకూడ ఏకముగా ప్రభువును ఎదుర్కొనుటకు ఆకాశమండలమునకు మేఘములమీద కొనిపోబడుదుము.”

పోయిన ఆదివారం సండే స్కూల్లో దీన్ని కంఠస్థం చెప్పిస్తుంటే ఏడో తరగతి పాప లేచి అడిగింది: “ఆంటీ, ప్రభువును మనం ఎందుకు ఎదుర్కోవాలి? ఆయన మనకు శత్రువు కాదు కదా?”

పాప తప్పేం లేదు. ఇప్పుడు మనం కష్టాలను ఎదుర్కొంటాం, ఆరోపణలను ఎదుర్కొంటాం, ఎన్నికల్లో ప్రత్యర్థిని ఎదుర్కొంటాం. వచ్చేవాళ్లకు ఎదురెళ్లి గౌరవంగా తీసుకురావడం అనే అర్థం రోజువారీ మాటల్లోంచి దాదాపు పోయింది. అది ఇంకా బతికి ఉన్నది పెళ్లిళ్లలోనే. శ్రీరామనవమి ముందురోజు భద్రాచలంలో జరిగే ఎదుర్కోలు ఉత్సవం పేరు అందరికీ తెలుసు. ఆ పేరులో ఎవరికీ గొడవ వినిపించదు.

ఇంటికొచ్చి వెతికితే ఇదే మాట మరో రెండు చోట్ల దొరికింది. మత్తయి 25:6లో అర్ధరాత్రి కేక: “ఇదిగో పెండ్లికుమారుడు, అతనిని ఎదుర్కొన రండి.” రెండోది అపొస్తలుల కార్యములు 28:15. పౌలు ఖైదీగా రోముకు వస్తున్నాడని విని, అక్కడి సహోదరులు అప్పీయా సంతపేట వరకు ‘ఎదుర్కొనుటకు’ వచ్చారు. అది రోముకు దాదాపు 65 కిలోమీటర్ల దూరం. అంత దూరం వచ్చి, ఆయన్ను వెంటబెట్టుకుని మళ్లీ తమ ఊరికే వెళ్లారు. ఈ మూడు చోట్లా మూలభాష గ్రీకులో ఒకటే మాట, అపాంతేసిస్. మన అనువాదకులు మూడు చోట్లా ఒకే తెలుగు మాట వాడారు. ఎంత బాగా ఎంచుకున్నారో అనిపించింది.

నాకు ఇది ఊరికే మాట విషయం కాదు. మాది బ్రదరన్ అసెంబ్లీ అనే ప్రొటెస్టెంట్ శాఖ. చిన్నప్పటి నుంచి మాకు నేర్పింది ఇది: సంఘం (అంటే క్రీస్తును నమ్మినవాళ్లంతా) ముందుగా ప్రభువు దగ్గరికి ఎత్తబడుతుంది, భూమ్మీద ఏడేండ్ల శ్రమలు వస్తాయి, ఆ కాలంలో దేవుడు మళ్లీ ఇశ్రాయేలు జనాంగంతో పని మొదలుపెడతాడు, ఆ తర్వాత ప్రభువు దిగివచ్చి యెరూషలేము నుంచి వెయ్యేండ్లు పాలిస్తాడు. సంఘానికి పరలోక వాగ్దానాలు, ఇశ్రాయేలుకు భూలోక వాగ్దానాలు. ఈ రెండూ కలవకుండా ఉండాలంటే సంఘం పైకి వెళ్లి ఆ ఏడేండ్లూ అక్కడే ఉండాలి. కానీ ‘ఎదుర్కొను’ అనే మాట ఎదురెళ్లి వెంట తీసుకురావడమైతే, మేఘాల దాకా వెళ్లినవాళ్లు ఎటు తిరుగుతారు? పైకా, కిందికా? ‘కలుసుకొనుటకు’ అని మారిస్తే పాపకు అర్థమవుతుంది. కానీ అప్పుడు ఈ ప్రశ్నే వినపడకుండా పోతుంది. నాకు అది ఇష్టం లేదు. ఏ మాట పెట్టాలి?

రిటైర్డ్ తెలుగు టీచరు, కరీంనగర్:
అమ్మా, నేను క్రైస్తవుణ్ణి కాను, కాబట్టి మాట వరకే చెబుతాను. ఎదురు, కొను కలిసి ఎదుర్కొను అయింది. ఎదిరించడం, ఎదురేగడం రెండూ దానిలో ఉన్నాయి. ఏది అనేది ఎదుట ఉన్నవాణ్ణి బట్టి తెలుస్తుంది. మా వైపు పెళ్లిళ్లలో ‘ఎదుర్కోళ్లు’ అంటారు, కోస్తాలో ‘ఎదురు సన్నాహం’ అంటారు. పెళ్లివారు వచ్చారనగానే మేళంతో వెళ్లి, పానకమిచ్చి, విడిదికి తీసుకొస్తారు. దారిలో కలుసుకుని ఎవరి దారిన వాళ్లు పోవడం ఎదుర్కోలు కాదు. ఈనాటి తెలుగులో ‘ఎదురెళ్లడానికి’ అనండి. ‘చుట్టాలకు స్టేషన్ దాకా ఎదురెళ్లాం’ అని ఇప్పటికీ అంటూనే ఉన్నాం కదా.

సహోదరుడు, నరసాపురం:
అక్కా, వందనాలు. మాదీ అసెంబ్లీయే. 1836లో ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు మొదలుపెట్టిన పని తాలూకు సంఘం. మీ మాట కాదనను, కానీ పెళ్లి పోలిక తెచ్చారు కాబట్టి పూర్తిగా తేవాలి. ఎదుర్కోలుతో పెళ్లి అయిపోదు. అప్పగింతలు ఉంటాయి. పెళ్లికూతురు అత్తవారింటికి వెళుతుంది. యోహాను 14:3లో ప్రభువు స్వయంగా “మరల వచ్చి నాయొద్ద నుండుటకు మిమ్మును తీసికొనిపోవుదును” అన్నాడు. ఎక్కడికి? అంతకు ముందు వచనంలోనే “నా తండ్రి యింట” అని ఉంది. ఒక్క మాట మీద రాకడ క్రమమంతా కట్టకూడదు, ఒక్క మాటతో కూల్చనూ కూడదు. ఇక ఇశ్రాయేలు విషయంలో నాకు ఆధారం 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడటం కాదు, రోమా 11:29. దేవుడు తన పిలుపు విషయంలో “పశ్చాత్తాపపడడు” అని, అంటే ఇశ్రాయేలును పిలిచిన మాట వెనక్కి తీసుకోడని, అక్కడ రాసి ఉంది. ఆ మాట ఉన్నంతకాలం యూదుల కోసం ప్రార్థన చేయడం మానను.

లూథరన్ సంఘస్థుడు, గుంటూరు:
మేము రహస్యంగా ఎత్తబడటం, తర్వాత ఏడేండ్లు అని రెండు రాకడలుగా విడదీయం. ఒకే రాకడ, ఒకే తీర్పు. సంఘం వేరు, ఇశ్రాయేలు వేరు అనే విభజనను 1830ల తర్వాత బ్రదరన్ తొలి నాయకుల్లో ఒకరైన డార్బీ గారు గట్టిగా బోధించారు. స్కోఫీల్డ్ అనే అమెరికన్ బోధకుడు 1909లో తెచ్చిన బైబిల్లోని వివరణ నోట్స్ దాన్ని ఊరూరా చేర్చాయి. నాలుగో శతాబ్దపు బోధకుడు క్రిసొస్తమ్ ఈ వచనాన్ని వివరిస్తూ, రాజు పట్టణానికి వస్తుంటే గౌరవం గలవాళ్లు ఎదురెళతారు, నేరస్థులు లోపలే ఉండిపోతారు అని చెప్పాడు.

మాట అడిగారు కాబట్టి ఇంకొకటి. రోమా 11:26 మన బైబిల్లో “వారు ప్రవేశించునప్పుడు ... ఇశ్రాయేలు జనులందరును రక్షింపబడుదురు” అని ఉంది (‘వారు’ అంటే అన్యజనులు). గ్రీకులో అక్కడున్నది ‘అలాగున’ అనే మాట. ‘అప్పుడు’ అంటే క్యాలెండర్ వెతుకుతాం. ‘అలాగున’ అంటే ఎలా అని అడుగుతాం, అదే అధ్యాయంలో ఒలీవ చెట్టుకు (ఇశ్రాయేలుకు) అడవి కొమ్మలు (అన్యజనులు) అంటుకట్టబడిన సంగతి గుర్తొస్తుంది. చెట్టు ఒక్కటే కదా.

మొదట అడిగిన సభ్యురాలు:
మాస్టారూ, ‘ఎదురెళ్లడానికి’ చాలా బాగుంది. అదే కావాలి నాకు.

తమ్ముడూ, అప్పగింతల సంగతి నేను ఆలోచించలేదు, నిజం. ఎదుర్కోలు ఒక్కటే పట్టుకుని ఏడేండ్ల లెక్క తప్పని నేను అనలేను. కానీ అదే అధ్యాయం 14వ వచనంలో, నిద్రించినవారిని దేవుడు ఆయనతో కూడ “వెంటబెట్టుకొని వచ్చును” అని ఉంది. పౌలు చూపు ఆయన రావడం మీద ఉంది. మనం రాకడ క్రమం చార్టు గోడకు తగిలించి చెప్పేటప్పుడు బాణం గుర్తు పైకే గీస్తాం, చనిపోయినవాళ్ల కోసం ఏడుస్తున్న థెస్సలొనీక విశ్వాసులకు ఇది ఓదార్పుగా రాసిన మాట అని చెప్పడం మర్చిపోతాం. నాన్నగారు పోయినప్పుడు సమాధి దగ్గర ఈ వచనమే చదివారు. అప్పుడు నాకు ఇశ్రాయేలు గుర్తుకు రాలేదు, ఏడేండ్లూ గుర్తుకు రాలేదు.

గుంటూరు సహోదరులకు: రోమా 11:26 మీద వేరే పోస్టు పెట్టండి. అది ఇక్కడ కలిపితే రెండూ చెడతాయి.

పిల్లల కంఠవాక్యంలో పాత మాటే ఉంచుతున్నాను. పాపకు దాని పెద్దక్క పెళ్లి గుర్తు చేశాను, మేళంతో ఊరి చివరిదాకా వెళ్లారు కదా అని. “ఓ, అదా!” అంది. నా బైబిల్లో ఆ మాట పక్కన పెన్సిల్‌తో ‘ఎదురెళ్లి’ అని రాసుకున్నాను.