డీనో ఏడు తీగల గిటారు: ఏవి వినాలి?

రియో డి జనీరోకు చెందిన ఏడు తీగల గిటారు విద్వాంసుడు డీనో (1918–2006) గురించి బాగా తెలిసినవారు సాయం చేయగలరా? బ్రెజిల్ సాంబా సంగీత గాయకుడు కార్తోలా తొలి ఆల్బమ్‌లో (1974) ఆయన మంద్రస్వరాలు విన్నప్పటి నుంచి చెవి ఆ గిటారు వెంటే పడుతోంది. గాయకుడు ఊపిరి తీసుకునే సందులో బొటనవేలితో కిందికి దిగి, సరిగ్గా తర్వాతి మాటకు వచ్చి నిలబడతారు. ఎంత పొదుపో!

ఫ్లూటు విద్వాంసుడు బెనెదీతో లాసెర్డా బృందంలో ఆరు తీగలతో పేరు తెచ్చుకున్న ఆయన 1950లలో ఏడో తీగకు మారారు. ఆ మార్పుకు ముందు, తర్వాత చేసిన రికార్డింగుల్లో పోల్చి వినదగ్గవి ఏవి? ఆయన బాణీకి స్వరలిపి పుస్తకం ఉంటే పేరు చెప్పండి. పోర్చుగీసులో ఉన్నా సరే, నిఘంటువుతో కుస్తీ పడతాను. 'వీడియోలు చూసి నేర్చుకో' అనే సలహా మాత్రం వద్దు.