వడిగల యెద్దులు: వేగమా, సత్తువా?

పర్లాకిమిడి:
మా మేనల్లుడికి రిమోట్ కార్ల పందేల పిచ్చి పట్టింది. బొమ్మ కార్లు కావు, అసలు కారులో పదో వంతు సైజువి. ఊరి బయట సిమెంటు కళ్లం మీద సాధన చేస్తున్నాడు. తీగె 13.5 చుట్లు ఉండే వేగమైన మోటారు కొంటానని వాడు, నెమ్మదైన 21.5 చుట్లది చాలని నేను. ఆ వాదనలో సుమతీ శతకంలో బద్దెన పద్యం, "వడిగల యెద్దుల గట్టుక" అని నోటికొచ్చేసింది. ముందున్నది "అడిగిన జీతంబియ్యని" అని తెలుసు. రెండో పాదమే తేలలేదు. "మిడిమేలపు దొరఁ గొల్చి" అనాలా, "మిడిమేళపు" అనాలా? మా నాయనమ్మ గట్టిగా ళ పలికేది. ఇంట్లో వాళ్లంతా ఒడియా బడుల్లో చదివినవాళ్లే, అడుగుదామన్నా దిక్కులేదు.

గుణుపురం మాస్టారు:
ల, ళ తర్వాత చూద్దాం. ముందు దొర సంగతి తేల్చండి. "దొరఁ గొల్చి" అంటే ఈ పద్యం ఛందస్సు, కందం, కుంటుతుంది. రెండో పాదంలో మూడో గణం జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) అయి తీరాలి. మిడిమే, లపుదొర, నుగొల్చి, మిడుకుట, కంటెన్. "దొరను గొల్చి" అంటేనే అక్కడ జగణం పడుతుంది. అరసున్న పెట్టి చదివితే "గొల్చిమి" భగణమై (గురువు, రెండు లఘువులు) కూర్చుంటుంది. ఇక ల-ళ విషయంలో ఛందస్సు సాక్ష్యం చెప్పదు. రెండూ లఘువులే, ప్రాస చూస్తే డకారం.

బరంపురం:
ఛందస్సు చెప్పకపోతే అర్థం చెబుతుంది మాస్టారూ. మిడిమిడి జ్ఞానం అంటాం కదా, ఆ మిడే ఇది. మిడి, మేలు. అరకొర మేలు చేసే దొర. కాబట్టి ల. ళ పెడితే మేళతాళాలు వచ్చి పడతాయి.

గుణుపురం మాస్టారు:
"అడిగిన జీతం ఇయ్యని" అని ముందే అన్నాక మళ్లీ అరకొర మేలెక్కడిది బాబూ? గర్విష్ఠి, మిడిసిపడేవాడు అనే అర్థం చెబుతారు. మీ వ్యుత్పత్తి ముచ్చటగానే ఉంది, నిలబడదు.

సిరొంచ:
దొరను ఇడిసిపెట్టుర్రి సార్, పంచాయితీ అంతా వడి కాడ ఉన్నది. మా దిక్కు వడి అంటే దారానికి ఎక్కే పురి కూడా. వడికినం అంటం కదా. మోటారుల తీగె చుట్టుడు కూడా గదే పని. చుట్లు ఎక్కువైతే వేగం తక్కువ, చుట్లు తక్కువైతే వేగం ఎక్కువ. అంటే ఒక వడి పెరిగితే ఇంకో వడి తగ్గుతది. బద్దెనకు మోటారు తెల్వకపాయె గని, శ్లేష మస్తుగ కుదిరింది.

పర్లాకిమిడి:
అన్నా, ఇది మావాడికి చెబితే 13.5కి పద్యంలోనే అనుమతి ఉందంటాడు.

రాయగడ:
పద్యం ఎక్కడికీ పోదు, కుర్రాడి డబ్బు పోతుంది. ముందు దాని సంగతి చూద్దాం. మోటారు ఎన్ని చుట్లదో వాడూ మీరూ తేల్చేది కాదు. ఏ క్లాసులో దిగుతాడో అక్కడి నిబంధనే తేలుస్తుంది. 21.5, 17.5, 13.5 చుట్ల మోటార్లకు వేర్వేరు స్టాక్ క్లాసులు, అంటే అందరూ ఒకే రకం మోటారు వాడే పోటీ విభాగాలు, పెడతారు. వాటిలో చాలాచోట్ల మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీని బ్లింకీ మోడ్‌లోనే ఉంచాలి, అంటే దాని ద్వారా మోటారుకి అదనపు వేగమిచ్చే టైమింగ్ ఎక్కించడం కుదరదు. టైర్లు కూడా ఫలానావే వాడాలనే క్లబ్బులున్నాయి. పోటీ ఎక్కడో తెలుసుకోకుండా టైర్లు కొంటే ఆ డబ్బు నీళ్లపాలే.

ఉన్న డబ్బులో మంచి భాగం చేతిలో పట్టి కారు నడిపే రేడియోకీ చార్జరుకీ పెట్టించండి. కారు మారినా ఆ రెండూ మిగులుతాయి. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి సెల్లులన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జరు ఉండి తీరాలి. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, వాడకుండా దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. పదో వంతు కార్లకు రెండు సెల్లుల 7.4 వోల్టుల ప్యాకు, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నది తీసుకోమనండి. మెత్తటి కవరుది ఒక్క గుద్దుకే పాడవుతుంది. ఛాసిస్ (కారు చట్రం) పాతదైనా పర్వాలేదు. అయితే ట్రాకులో నలుగురూ నడిపే మోడలే కావాలి. ముందు చక్రం ఆర్మ్ విరిగితే పక్కవాడి పెట్టెలో దొరుకుతుంది. ఎవరి దగ్గరా లేని గొప్ప కారు చవగ్గా వచ్చిందని కొంటే, ఆ చిన్న ముక్క కోసం నెల్లాళ్లు పార్సిలు కోసం ఎదురుచూడాలి.

జయపురం:
రాయగడ వారు అసలైంది దాటేశారు. వడి మోటారులో లేదు, గేరులో ఉంది. తమియా టీటీ-02 కారునే ఉదాహరణగా తీసుకోండి. దాని పెద్ద పళ్లచక్రం స్పర్‌కి 70 పళ్లు, మోటారుకి బిగించే చిన్న చక్రం పినియన్‌కి 22, లోపలి గేర్ల నిష్పత్తి 2.6. 70ని 22తో భాగించి 2.6తో గుణిస్తే 8.27 వస్తుంది. అంటే మోటారు ఎనిమిది చుట్లకు పైగా తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. పినియన్‌లో ఒక పన్ను తగ్గించండి. పైవేగం కాస్త తగ్గుతుంది, మలుపులోంచి లేచేటప్పుడు లాగుడు పెరుగుతుంది, మోటారూ చల్లగా ఉంటుంది. మలుపులెక్కువ ఉన్న చిన్న ట్రాకులో గెలిచేది అదే. పినియన్ ఖరీదు ఎంతని? మోటారుతో పోలిస్తే చిల్లర. మడి దున్నే ఎద్దుకి కావలసిందీ లాగుడే కదా. కాబట్టి పద్యంలో వడి అంటే సత్తువ.

బరంపురం:
వడివడిగా నడిచాడు అంటే సత్తువగా నడిచాడనా?

జయపురం:
అక్కడ జంటపదం. ఎద్దు దగ్గరికొచ్చాక అర్థం మారుతుంది. మా ఇంట దుక్కిటెడ్లు ఉండేవి. మరీ చురుకైన గిత్తని నాగలికి కడితే కర్రు లోతుకి దిగదు, పైపైన గీసుకుంటూ పోతుంది. బద్దెన అది చూడకుండా రాశాడంటే నమ్మను.

గుణుపురం మాస్టారు:
కవి ఏం చూశాడో మనకెందుకు, ఏం రాశాడో చూడండి. బలంగల అని రాయాలనుకుంటే దారులు బోలెడు. ప్రాస కోసం డకారం కావలసి వడి పట్టుకున్నాడు. ప్రాస తెచ్చిన మాటకి మీరంతా గేర్లు బిగిస్తున్నారు.

సిరొంచ:
గట్లయితే నేను గూడ ప్రాస బిగిస్త, సూడుర్రి.

అడిగిన వోల్టుల నియ్యని
చెడు బ్యాటరి గొనుచు నిత్య చింతల కంటెన్
వడి తగ్గిన మోటారును
గడియారము వలె నడుపుట ఘనమోయ్ సుమతీ

గుణుపురం మాస్టారు:
గణాలు సరిపోయాయి, గ-ఘ యతి కుదిరింది. శభాష్. కానీ ఆ "ఓయ్" బద్దెన నోట పెట్టడం అన్యాయం. అది గురజాడ వారి సొత్తు.

పర్లాకిమిడి:
సొత్తేమిటండీ! ఓయ్ అనేది మా వీధి పిలుపు. ఆయన దాన్ని పద్యంలో కూర్చోబెట్టారు, అంతే.

బరంపురం:
అంతే అంటే ఎలా? "తిండి కలిగితె కండ కలదోయ్" చదివి చూడండి. మూడు, నాలుగు మాత్రల నడక. ఓయ్ దగ్గర గొంతు ఆగుతుంది, మళ్లీ ఎత్తుకుంటుంది. ఆ ఓయ్ తీసేస్తే పాటే లేదు. గిడుగు వారూ ఆయనా విజయనగరంలో సహాధ్యాయులు. ఒకరు వాడుక భాష కోసం వాదించారు, ఒకరు దాన్లో రాసి చూపించారు.

పర్లాకిమిడి:
వాదించింది మా ఊళ్లో ఉండే అని మరిచిపోకండి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అందులోకి పోయాకే రామమూర్తి పంతులు గారు రాజమండ్రి వెళ్లారు. ఆయన కాపురమున్న ఊళ్లో ఇప్పుడు తెలుగు చదవగల పిల్లల కోసం వెతుక్కోవాలి. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టిన మనిషి ఆయన. మా పిల్లలకి ఆ భాగ్యం లేకపోయింది.

రాయగడ:
ఇంతకీ కుర్రాడు ఏం కొన్నాడు?

పర్లాకిమిడి:
రేడియో, చార్జరు కొన్నాడు. మోటారు మాట క్లబ్బు వాళ్లు నిబంధనలు పంపాక చూద్దామన్నాడు. "మావయ్యా, నీ ఎద్దులు కాస్త ఆగాలి" అన్నాడు. వాడికీ పద్యం అబ్బుతోంది.

గుణుపురం మాస్టారు:
అబ్బితే చివరి పాదం కూడా చెప్పండి వాడికి. నేను చదువుకున్నది "మడి దున్నుక బ్రతుకవచ్చు". మా నాన్నగారు మాత్రం "బ్రతుక మేలు" అనేవారు. కవచ్చు, కమేలు, రెండూ జగణాలే. కందం రెంటికీ ఒప్పుకుంటుంది.

బరంపురం:
చూశారా! కింద మేలు ఉంటే పైనా మేలే. ఆ మేలు లేని దొర కంటే ఈ మేలు నయమని కవి లెక్క. ల అనే నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను.

గుణుపురం మాస్టారు:
మా నాన్నగారు "మిడిమేళపు" అనేవారండీ.