తీర్థంలో జీళ్ళు ఎలా కొంటారు?

మొన్న సంక్రాంతికి ఊరు బయల్దేరేముందు మా అన్నయ్య కూతురు ఒక ప్రశ్న వేసింది. పిల్ల హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగింది. "బాబాయ్, తీర్థం అంటే గుళ్ళో పంతులుగారు చేతిలో పోసేది కదా! మరి తీర్థంలో జీళ్ళు కొనిపెడతానంటావేంటి?" అంది.

మాది కోనసీమ. మా వైపు తీర్థం అనగానే ముందు గుర్తొచ్చేవి జనం, బొమ్మల కొట్లు, రంగులరాట్నం, బెల్లంపాకంతో చేసే జీళ్ళు, ఖర్జూరం. ఉద్ధరిణెతో పోసే తీర్థం ఆ తర్వాతే. అప్పటికి పిల్లకేదో చెప్పి సరిపెట్టాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాకు తోచింది ఇక్కడ పెడుతున్నాను. తప్పుంటే పెద్దలు దిద్దండి.

సంస్కృతంలో ‘తౄ’ ధాతువుకి దాటడం అని అర్థం. ఏటిని దాటడానికి, దిగడానికి వీలైన చోటు తీర్థం. తెలుగులో చెప్పాలంటే రేవు. నీలాటిరేవు, చాకిరేవు, రాజమండ్రిలో కోటిలింగాల రేవు అంటామే, ఆ రేవే. జైనుల తీర్థంకరుడంటే సంసారమనే ఏటికి రేవు ఏర్పరచినవాడు. ఒకే గురువు దగ్గర చదువుకున్నవాళ్ళు సతీర్థ్యులు, ఎందుకంటే గురువుకీ తీర్థమనే పేరుంది. అమరకోశం నానార్థవర్గంలో తీర్థానికి నీళ్ళ రేవు, శాస్త్రం, ఋషులు సేవించిన జలం, గురువు అని చెప్పారు. జనం పోగయ్యే ఉత్సవం అన్న అర్థం అందులో లేదు. అది మన పల్లెలు కలుపుకున్న అర్థమని నా నమ్మకం. పుణ్యదినాన రేవులో మునగడానికి జనం చేరతారు, జనం చేరిన చోట కొట్లు వెలుస్తాయి, పోనుపోను రేవు పేరే ఆ సందడికి వచ్చేస్తుంది. అంతర్వేది తీర్థం చూసినవాళ్ళకి ఇది విప్పి చెప్పక్కర్లేదు. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటు, మాఘమాసంలో నరసింహస్వామి కల్యాణం, భీష్మ ఏకాదశికి రథం, సాగరసంగమ స్నానం. నీళ్ళూ జనమూ అక్కడ ఒక్కటే.

మరి జగ్గన్నతోట సంగతి? అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర అదొక కొబ్బరితోట. గుడి లేదు, కోనేరు లేదు. ఏడాదికొకసారి, కనుమ నాడు, చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు ప్రభల మీద, అంటే వెదురు బొంగులతో కట్టి భుజాన మోసే అలంకారాల మీద, అక్కడికి వస్తారు. ఏకాదశ రుద్రులంటాం. వ్యాఘ్రేశ్వరం నుంచి వచ్చే వ్యాఘ్రేశ్వరస్వామి ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి లేపి మర్యాద చేస్తారు. "కనుమ నాడు కాకైనా కదలదు" అని మన సామెత. ఆ రోజున ప్రయాణం పెట్టుకుంటే మా అమ్మ ఒప్పుకోదు. అలాంటిది దేవుళ్ళే ఊరు దాటి బయల్దేరతారు, వాళ్ళ వెనక మేమూ. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ ప్రభల తీర్థాన్నే చూపించారు. టీవీలో చూస్తూ మా ఇంట్లో అందరం లేచి నిలబడ్డాం.

గుడీ కోనేరూ లేని తోటకి తీర్థమన్న పేరెందుకు అని ఆలోచిస్తూనే ఈసారి దగ్గర్లోని కౌశిక ఏటి గట్టు మీద నిలబడ్డాను. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఆ నీళ్ళు దాటే రావాలి. ముందు వరిచేలోకి దింపుతారు. బురదలో కాళ్ళు పిక్కల దాకా దిగిపోతాయి. చేను తొక్కారని రైతు ఒక్క మాట అనడు, స్వామి నడిచిన చేను బాగా పండుతుందని నమ్మకం. తర్వాత నీళ్ళు. ప్రభ పక్కకి ఒరక్కుండా అటూ ఇటూ మోకులు పట్టుకున్నవాళ్ళు లాగుతుంటారు. మోసేవాళ్ళు నీళ్ళలోకి దిగుతుంటే తలలూ బొంగులూ తప్ప ఏమీ కనిపించలేదు. నా పక్కనున్న పెద్దాయన చేతులు జోడించి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. మధ్యలో ప్రభ ఒక్క క్షణం ఆగింది. "శరభా శరభా" అని అరుపు లేచింది. అవతలి గట్టున ముందు కాళ్ళు పైకి రాగానే, పెద్దాయన "దాటేశారు" అన్నాడు.

దాటేశారు! ‘తౄ’ ధాతువు అక్కడే, ఆ బురదలోనే ఉంది. నిఘంటువు తీసి చూసినవాడికి దొరికే మొదటి అర్థాన్ని మా ఊళ్ళవాళ్ళు ఏటా భుజాల మీద మోస్తున్నారు. జగ్గన్నతోటకి తీర్థమన్న పేరు ఇందుకే వచ్చిందని నేననడం లేదు, మా జిల్లాలో చాలా ఉత్సవాలకి అదే మాట కదా. కానీ పిల్లకి ఇప్పుడు చెప్పడానికి నా దగ్గర జవాబుంది.

*

కోటప్పకొండవీ ప్రభలేనా అని నరసరావుపేట నుంచి చెల్లెమ్మ అడిగినదానికి: అవునమ్మా, మీ కోటప్పకొండవీ ప్రభలే. కానీ మీరు తిరునాళ్ళు అంటారు, అది శివరాత్రికి. మీ వైపు కరెంటు దీపాలతో ఆకాశాన్ని తాకేలా ప్రభలు కడతారు, మావి వెదురు బొంగులూ రంగు గుడ్డలూ నెమలి ఈకలూ వరికంకులూ కట్టి భుజాన మోసేవి. మాట మాత్రం ఒకటే. ప్రభ అంటే వెలుగు. గర్భగుడిలో విగ్రహం వెనక తోరణంలా నిలిపేది ప్రభావళి. ఆ ప్రభావళినే పెద్దది చేసి, స్వామిని ముందు కూర్చోబెట్టి వీధిలోకి తెచ్చారని నేననుకుంటాను. క్రియ కూడా చూడండి, రెండు వైపులా "ప్రభ కట్టారా?" అనే అడుగుతాం. చెయ్యడం అనం.

*

తిరునాళ్ళకి తమ వైపు అనే మాటగా కడప అన్నగారు రాసిన ‘పరుస’ చాలా బాగుంది, మా వైపు ఎవరికీ తెలియదు. తెలంగాణలో జాతర. అది ‘యాత్ర’కి వికృతి, అంటే నడిచి వెళ్ళడం అందులో ఉంది. తిరునాళ్ళలో ‘నాళ్ళు’ అంటే రోజులు, ‘తిరు’ అంటే పవిత్రమైన. ఇలా ఒక చోట నడక, ఒక చోట రోజు, మా దగ్గర రేవు. మా వైపే అమ్మవారికి చేస్తే సంబరం అంటారు. శివుడికీ విష్ణువుకీ తీర్థం, అమ్మవారికి సంబరం అన్న తేడా మీ ఊళ్ళలో కూడా ఉందా? ఉత్తరాంధ్రవాళ్ళు చెప్పాలి.

ఇంకో మాట, మరిచిపోయేలోపు రాసేస్తాను. మా నాన్న కనుమ పొద్దున పిల్లల్ని వరసగా నిలబెట్టి "తీర్థం డబ్బులు" అని తలో నోటు ఇచ్చేవారు. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిన మా అక్కకీ ఇచ్చేవారు. ఈ ఏడు ఆయన లేరు. అన్నయ్య కూతురికి నేను ఇచ్చాను. ఆ డబ్బుతో అది జీళ్ళు కొని, సగం పొట్లం కట్టి నానమ్మకి తెచ్చింది.