గాలివాటమా, గుడ్డెద్దా, తుక్కానా?

పర్లాకిమిడి నుంచి:

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ఒక మాట తేల్చిపెట్టాలి. ఇక్కడ మేం నలుగురైదుగురం సాయంత్రాలు ఒకచోట చేరి టెక్కెన్ అనే ఫైటింగ్ వీడియో గేమ్ ఆడుకుంటాం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆట దగ్గర రెండూ కలగాపులగం, ఓడిపోతే హిందీ. మాలో ఒకడున్నాడు. పేరెందుకు, అందరం బావ అనే పిలుస్తాం. వాడికి ఆట రాదు. కానీ గెలుస్తాడు. అదే మా ఏడుపు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టెక్కెన్‌లో కొట్టడానికి నాలుగే బటన్లు. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ కాలు, కుడి కాలు, ఒక్కోదానికి ఒక్కోటి. ఏది ఎప్పుడు నొక్కాలో నేర్చుకోవడమే ఆట. బావ ఆ గొడవ పెట్టుకోడు. ఎడ్డీ అనే మనిషిని తీసుకుంటాడు. 1997లో టెక్కెన్ 3తో వచ్చిన పాత్ర అది, బ్రెజిల్ వాళ్ల కాపోయెరా ఆడతాడు. చేతులు నేలకు ఆన్చి గిరగిరా తిరుగుతూ తంతాడు. బావ కాళ్ల బటన్లు రెండూ టకటకా నొక్కుతూ పోతాడు. ఎలా నొక్కినా ఏదో ఒక తన్ను వస్తుంది, అదీ చూడముచ్చటగా వస్తుంది. శ్రద్ధగా సాధన చేసినవాడు ఎక్కడ కాచుకోవాలో తోచక తన్నులు తింటూ కూర్చుంటాడు.

ఇలా ఆడేవాణ్ని ఆటగాళ్లు బటన్ మ్యాషర్ అంటారు. మేం నొక్కుడుగాడు అంటున్నాం. మనిషికి పేరు కుదిరింది, గొడవంతా వాడి గెలుపు దగ్గరే. దాన్ని ఏమనాలి? నేను గాలివాటం అన్నాను. మా మావ "గుడ్డెద్దు చేలో పడ్డట్టు" అన్నాడు. మాతో ఆడే ఒడియా మిత్రుడు విసుగ్గా "తుక్కా" అన్నాడు. ఆ మాట విని బావ ఎగిరి గంతేశాడు: "విన్నారా, తుక్కు రేగ్గొట్టానని వాడే ఒప్పుకున్నాడు!"

వాడన్నది హిందీ తుక్కా. "లగా తో తీర్, నహీ తో తుక్కా" అంటారు కదా, తగిలితే బాణం, తగలకపోతే తుక్కా. గురి లేకుండా వేసిన మొండి బాణమన్నమాట. మన తుక్కు చెత్తాచెదారం, పాత ఇనుప తుక్కు. వాడు వెక్కిరించింది వీడికి బిరుదైపోయింది. ఈ మూడింట్లో ఏది సరైన మాటో చెబితే బావ నోరు మూయిస్తాం.

బరంపురం నుంచి:

ముందు ఒక మాట. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మీది. వాడుకభాష కోసం ఆయన పండితులతో పోట్లాడింది అక్కడుండే. అలాంటి ఊరివాళ్లు వాడుకమాట కోసం మా దగ్గరికి రావడమేంటి తమ్ముడూ!

ఇక గాలివాటం. ఇది తెరచాప మాట. ఇక్కడికి దగ్గర్లో గోపాలపూర్ ఉంది, సముద్రం ఒడ్డున వలలేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. గాలి ఎటు తోస్తే పడవ అటు పోవడం గాలివాటం. అందులో పడవవాడి చెయ్యేం లేదు. మీ బావ అలా కాదు కదా, చేతులు నొప్పెట్టేలా నొక్కుతున్నాడు. ఎదుటివాడి చెయ్యి జారి వీడు గెలిస్తే గాలివాటం అనండి, ఒప్పుకుంటాను.

కానీ వాటం అనే మాటను మాత్రం వదులుకోకండి. మీ ఆటలో దానికి వేరే పనుంది. మనిషి తెర మీద ఎడమ పక్క నిలబడితే ముందుకు అంటే కుడి వైపు నొక్కాలి. కుడి పక్క నిలబడితే ముందుకు అంటే ఎడమ. కమాండ్లన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. ఒక పక్కన చకచకా కాంబో, అంటే ఆపకుండా వరస దెబ్బలు, కొట్టేవాడికి రెండో పక్కకు వచ్చేసరికి వేళ్లు తడబడతాయి. నాకూ అంతే. ఎడమచేతి వాటం అని రోజూ అంటాం కాబట్టి నేను "నాది ఎడమ వాటంరా, ఆ పక్క నన్ను కూర్చోనీ" అంటాను. ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

రాయగడ నుంచి:

గుడ్డెద్దు సామెత ఇక్కడ నప్పదు. చేలో పడ్డ గుడ్డెద్దు ఎటు పోతోందో తెలియక చేనంతా తొక్కి పాడుచేస్తుంది. అది చేనుకు జరిగిన నష్టం గురించి చెప్పే మాట. ఎద్దుకు కడుపు నిండిందని సామెతలో ఎక్కడా లేదు. మీ బావకు నిండుతోంది. ఆడి ఓడిపోయే నొక్కుడుగాణ్ని అలా అనండి, బాగుంటుంది.

రెండో అభ్యంతరం కూడా ఉంది. చూసుకోకుండా చేసేదాన్ని గుడ్డి అనడం మనకు అలవాటు. ఈ ఆటల్లో అది తల్లకిందులు. చూపు లేకుండా స్ట్రీట్ ఫైటర్ అనే ఇలాంటి ఇంకో ఆట పోటీల్లో ఆడినవాళ్లున్నారు, నెదర్లాండ్స్ ఆటగాడొకరు అందులో పేరు మోసినవాడు. ఏ దెబ్బకు ఏ చప్పుడో, ఎదుటివాడు ఎగిరాడో వంగాడో అంతా చెవితోనే పట్టాలి. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో ఇద్దరి మధ్య దూరం ఎంతుందో చప్పుడుతో తెలిపే ఏర్పాటు కూడా పెట్టారు. అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడేవాళ్ల పేరు తీసుకెళ్లి మీ బావకు తగిలిస్తారా?

పర్లాకిమిడి నుంచి (మావ):

ఏటండీ, నేనన్నది ఎద్దుని, మనిషిని కాదు. అయినా సరే, ఒగ్గేస్తున్నాను. ఎద్దుకీ క్షమాపణ చెప్పేస్తున్నాను.

సిరొంచ నుంచి:

మాది మహారాష్ట్ర పక్క, ప్రాణహిత ఒడ్డు. మా దగ్గర ఇంత చర్చ లేదన్నా. "ఊకె నొక్కుతుండు, ఉత్తగనే గెలిచిండు" అంటం. ఉత్తగనే అంటే చాలు, అవతలోనికి కాలుతది. మరాఠీ దోస్తులు కూడా తుక్కానే అంటరు. గని మీ బావను ఆపుడు కష్టం కాదు. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, నడుస్తది. చాలామంది పాత్రలకు అన్నిటికన్న జల్ది వచ్చే గుద్దు 10 ఫ్రేములు, అంటే సెకనుల ఆరో వంతు. ఎడ్డీ పెద్ద పెద్ద తన్నులకు అంతకన్న ఎక్కువ పడతది. కాచుకోని కూసుండాలె, ఒక్క తన్ను ఖాళీ పోంగనే చిన్న గుద్దు గుద్దాలె. మీరు భయపడి మీరు కూడ నొక్కుతుండొచ్చు, జర చూసుకోండ్రి.

పర్లాకిమిడి నుంచి:

మాట అడిగితే మర్మం చెప్పారు, దండం అన్నా. చివరి వాక్యం మాత్రం గ్రూపులో పెట్టకుండా ఉండాల్సింది.

జయపురం నుంచి:

నేను తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. ఈ ఆటలు నాకు రావు, మనవడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తుంటాను. మీరు వెతికే మాట సంస్కృతం సామెతల్లాంటి న్యాయాల్లో ఉంది బాబూ.

ఒకటి కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలడం, అదే క్షణంలో పండు రాలడం. కాకి పండును రాల్చలేదు, రెండూ ఒక్కసారి జరిగాయంతే. మీవాడు ఓడిపోబోతుండగా కరెంటు పోయిందనుకోండి, అది కాకతాళీయం. మీవాడి గెలుపు అది కాదు, ఎందుకంటే తన్నిందీ వాడే, గెలిచిందీ వాడే.

రెండోది ఘుణాక్షర న్యాయం. ఘుణం అంటే కొయ్యను తొలిచే పురుగు. అది తన తిండి కోసం కొయ్యను తొలుచుకుంటూ పోతుంది. పోయినచోట గీతలు పడతాయి. ఆ గీతల్లో ఒకటి చూసేవాడికి అచ్చంగా అక్షరంలా కనిపిస్తుంది. పురుగుకు చదువు రాదు, రాయాలన్న ఉద్దేశమూ లేదు. అయినా అక్షరం పడింది. చేసినవాడికి తెలియకుండా, వాడి చేత్తోనే పడిన ఒప్పు. ఇంతకంటే అతికినట్టుండే మాట మీకు దొరకదు. బటన్లు నొక్కాడు, కాంబో పడింది. ఘుణాక్షరం.

పర్లాకిమిడి నుంచి:

మాష్టారూ, కాళ్లకు దండం. మీ మాట ఆట దగ్గర చదివి వినిపించాను. మా తెలుగువాళ్లెవరికీ ఘుణం అర్థం కాలేదు, పుస్తకం మాట కదా. ఒడియా మిత్రుడు మాత్రం పకపకా నవ్వాడు. వాళ్లకది ఇంట్లో మాటేనట. తలుపులకూ మంచాలకూ పట్టే పురుగును ఘుణొ అనే అంటారట. చివరికి మన న్యాయాన్ని వాడే మాకు విడమరిచి చెప్పాడు.

ఇంకో తిప్పలు వచ్చిపడింది. మావ దాన్ని ఫోన్లో టైపు చేసి పంపితే ఒత్తు లేకుండా "గుణాక్షరం" అని పడింది. బావ వెంటనే స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకున్నాడు, జయపురం మాష్టారు నాది గుణాక్షరం అన్నారని. పొద్దున్నించి వాళ్ల చుట్టాలంతా అభినందనలు చెబుతున్నారు.

బరంపురం నుంచి:

మాష్టారి న్యాయం బావకే కాదు, ఈ ఆటలన్నిటికీ వర్తిస్తుందండీ. ఇప్పుడు కాంబో లేని ఫైటింగ్ ఆట అరుదు. కానీ 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 చేసినప్పుడు కాంబో పెట్టాలని ఎవరూ అనుకోలేదు. మధ్యలో కారును పగలగొట్టే ఆట ఒకటి ఉంటుంది. దాన్ని సరిచూస్తుంటే, ఒక దెబ్బ పూర్తికాకముందే ఇంకో దెబ్బ అందుకుంటోందని కాప్‌కామ్ కంపెనీ మనిషి ఒకాయన గమనించాడు. అంత సరిగ్గా వేళ చూసి ఎవరు నొక్కగలరులే అని అలాగే ఉంచేశారు. జనం నొక్కారు. 1993లో సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చేసరికి ఎన్ని దెబ్బల కాంబో పడిందో తెర మీదే లెక్కేసి చూపించడం మొదలైంది. పురుగు తొలిచిన గీత గుణింతంలో చేరింది. బావకు ఈ సంగతి చెప్పకండి, పట్టుకోలేం.

పర్లాకిమిడి నుంచి (బావ):

చదివేశాను. నేనూ గ్రూపులోనే ఉన్నాను.

రాయగడ నుంచి:

మాష్టారూ, పనిలో పని, ఇంకో మాట కూడా చెప్పండి. స్ట్రీట్ ఫైటర్ 6లో మోడర్న్ కంట్రోల్ అని ఒకటుంది. పాత పద్ధతిలో ఒక పెద్ద దెబ్బకు జాయ్‌స్టిక్ కర్రను పావు చుట్టో అర చుట్టో తిప్పి బటన్ నొక్కాలి. మోడర్న్‌లో ఒక వైపు నొక్కి ఒక్క బటన్ కొడితే అదే దెబ్బ వచ్చేస్తుంది. అలా వచ్చినదానికి బలం నూటికి 80 వంతులే. పాతవాళ్లు వీళ్లను కూడా నొక్కుడుగాళ్లనే అంటున్నారు. నేను మోడర్న్‌లోనే ఆడతాను, అది వేరే సంగతి. ఇదీ ఘుణాక్షరమేనా?

జయపురం నుంచి:

కాదు బాబూ. నీకు ఏ దెబ్బ కావాలో తెలుసు, ఆ దెబ్బే వచ్చింది. పురుగుకు ఆ తెలివి లేదు. నీది అచ్చు. అక్షరం ఎవరో ముందే చెక్కిపెట్టారు, నువ్వు గుద్దుతున్నావు. అచ్చులో చేతిరాత అందం ఉండదు, ఆ పోయిన 20 వంతులూ దానికి జమ. కానీ అదైనా వేళకు గుద్దితేనే కదా తగిలేది. మా మనవడు ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా గుద్దుతాడు.