మన కొటేషన్ చూసేటప్పుడు ఆఫీసరు బుర్రలో ఏముంటుంది? కొనేవైపు పనిచేసినవాళ్లు చెప్పండి

బొబ్బిలి_స్టీల్_ఫర్నిచర్:

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి గ్రోత్ సెంటర్ దగ్గర చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్. ఇనప మంచాలు, డ్యూయల్ డెస్కులు, బీరువాలు, ర్యాకులు చేస్తాం. ఇంతవరకు ప్రైవేటు స్కూళ్లకి, షాపులకి ఇచ్చాం. ఇప్పుడు ప్రభుత్వ హాస్టళ్లకీ, ఆసుపత్రులకీ కూడా ఇద్దామని తిరుగుతున్నాను. ఒక ఆఫీసులో (పేరు వద్దు) మా శాంపిల్ మంచం పెడితే ఆఫీసరు గారు స్వయంగా కూర్చుని, ఊపి చూసి, చాలా బాగుందన్నారు. రేటు కూడా ఎక్కువేమీ కాదన్నారు. తీరా చూస్తే ఆర్డరు వేరే జిల్లా వాళ్లకి వెళ్లింది. వాళ్లిచ్చిన మంచాల రేకు బాగా పల్చన, చెయ్యి ఆనిస్తే వంగుతోందని అక్కడి వార్డెన్ గారే నాతో అన్నారు.

టెండర్లో బిడ్ ఎలా వెయ్యాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, అవి చూశాను. నాకు అర్థం కానిది అవతలి కుర్చీ. సరుకు నచ్చిన మనిషి ఎందుకు కొనలేకపోతున్నాడు? మూడేళ్ల టర్నోవరు ఎందుకడుగుతారు? ఏప్రిల్లో వెళితే పలకరించనివాళ్లు ఫిబ్రవరిలో ఫోన్ చేసి రేపటికల్లా కొటేషన్ కావాలంటారు, అదేంటి? శ్రీకాకుళం, విజయనగరం ఆఫీసుల్లో కొనుగోళ్ల సెక్షన్లో పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

రిటైర్డ్_సూపరింటెండెంట్_శ్రీకాకుళం:

బాబూ, నేను ఒక జిల్లా ఆఫీసులో చాలాకాలం కొనుగోళ్ల ఫైళ్లు నడిపి రిటైరయ్యాను. మీరు అడిగిన ప్రశ్న సప్లయర్లలో చాలా తక్కువమంది అడుగుతారు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మీ మంచం ఊపి చూసిన ఆఫీసరుది సొంత డబ్బు కాదు. షాపులో కొనేవాడికి మంచం నచ్చితే పని అయిపోయినట్టే. ఆఫీసరుకి నచ్చిందన్న మాట ఏ కాగితంలోనూ రాయడానికి పనికిరాదు. ఎప్పుడో కొన్నేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లొచ్చి ఆ ఫైలు తెరుస్తారు. అప్పటికి ఆయన ఏ పార్వతీపురమో, కర్నూలో బదిలీ అయిపోయి ఉంటాడు. ఈ వస్తువు అవసరమని ఎవరు రాశారు, డబ్బు ఏ పద్దు నుంచి వచ్చింది, ఎవరు మంజూరు చేశారు, ఈ రేటు సమంజసమని ఎలా తేల్చారు, మిగతావాళ్లకి పోటీ పడే అవకాశం ఇచ్చారా, సరుకు చూసుకుని తీసుకున్నట్టు సంతకం ఎవరిది, ఇవీ వాళ్లడిగేవి. మీ ముఖం తెలియని, మీ మంచం చూడని మనిషి అడుగుతాడు. జవాబులన్నీ ఫైల్లో ఉండాలి, నోటితో చెబితే చెల్లదు. తేలని ఆడిట్ పేరా (ఆడిట్ వాళ్లు రాసిన అభ్యంతరం) మీద రిటైరయ్యాక గ్రాట్యుటీ ఆగినవాళ్లని నేను చూశాను. కొనే ఆఫీసరు అసలు భయం అదీ. మీరు ఆయనకి మంచం చూపించారు, ఆయన మాత్రం ఫైలు చూసుకుంటున్నాడు.

ఇప్పుడు వరుస చెబుతాను. ముందు హాస్టలు నుంచి ఇన్ని మంచాలు కావాలని ఇండెంట్ రావాలి. ఆ పద్దులో బడ్జెట్ ఉందో లేదో చూడాలి. సుమారు ధర అంచనా వెయ్యాలి, ఎందుకంటే ఆ అంచనాని బట్టే ఎవరి అధికారంలో మంజూరవుతుంది, ఏ పద్ధతిలో కొనాలి అన్నవి తేలుతాయి. చిన్న మొత్తమైతే నేరుగా కొనొచ్చు, కొంచెం పెద్దదైతే కొటేషన్లు లేదా కమిటీ, ఇంకా పెద్దదైతే బహిరంగ టెండరు. కేంద్ర ప్రభుత్వ సంస్థలకి 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ఉన్నాయి, 2016లో మొదలైన జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల పోర్టల్లో దొరికే సరుకైతే అక్కడే కొనాలి. మన రాష్ట్ర ఆఫీసులకి ఆంధ్రప్రదేశ్ ఫైనాన్షియల్ కోడ్, ఎప్పటికప్పుడు వచ్చే జీవోలు, ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్. పరిమితుల అంకెలు మారుతూ ఉంటాయి, ఆఫీసుకి వెళ్లినప్పుడు ఇప్పుడు ఏది నడుస్తోందో అడిగి తెలుసుకోండి.

ఇక్కడే సప్లయర్లు ఒక సలహా ఇస్తారు, వినగానే మాకు గుండె ఝల్లుమంటుంది. 'సార్, మొత్తం ఒకేసారి ఎందుకు, నాలుగు బిల్లులుగా చేసేద్దాం, టెండరు బాధ ఉండదు' అని. పై అధికారి మంజూరు గానీ టెండరు గానీ తప్పించుకోడానికి అవసరాన్ని ముక్కలు చెయ్యకూడదని రూల్స్‌లో స్పష్టంగా ఉంది. ఆడిట్‌కి అది ఇట్టే దొరికిపోతుంది, ఎందుకంటే ఒకే నెలలో ఒకే సరుకు ఒకే మనిషి దగ్గర నాలుగుసార్లు కొన్నట్టు కనిపిస్తుంది. మీకు మేలు చెయ్యాలనుకున్న ఆఫీసరు కూడా ఆ మాట వింటే దూరం జరుగుతాడు.

టెండరు తెరిచాక ఇంక ఆఫీసరు చేతిలో ఉండేది చాలా తక్కువ. టెక్నికల్ బిడ్ (సరుకు కొలతలు, అర్హతలు చూసే భాగం) పాసైనవాళ్లలో తక్కువ రేటు ఎవరిదైతే వాళ్లకే ఇవ్వాలి, దాన్నే ఎల్ వన్ అంటారు. రెండోవాడి సరుకు మంచిదని అప్పుడు అనిపించినా చేసేదేమీ లేదు. బేరమాడాలన్నా ఎల్ వన్‌తో తప్ప ఇంకెవరితోనూ ఆడకూడదని, అది కూడా అరుదుగానే అని సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ 2007లోనే చెప్పింది. మరి పల్చటి రేకు మంచం ఎలా గెలిచింది? స్పెసిఫికేషన్‌లో రేకు మందం రాసి ఉండదు, 'దృఢమైన ఇనప మంచం' అని రాసి ఉంటారు. దృఢమైన అన్నదానికి కొలత లేదు కదా, పల్చటి మంచాన్ని ఏ కారణం చూపించి తిరస్కరిస్తాడు? గేజ్ (రేకు మందం) ఎంత, కాలికి వాడే ట్యూబు సైజెంత, పౌడర్ కోటింగా మామూలు పెయింటా, వెల్డింగ్ ఎక్కడెక్కడ, ఎంత బరువు మోయాలి అన్నవి టెండరు కాగితంలో ఉంటే ఆ సప్లయరు టెక్నికల్ దగ్గరే ఆగిపోయేవాడు. స్పెసిఫికేషన్ రాసేది సాధారణంగా మాలాంటి గుమస్తాలే బాబూ, మాకు ఇనుము గురించి ఏం తెలుస్తుంది? పాత ఫైలు చూసి దించేస్తాం.

కాబట్టి మీరు వెళ్లాల్సింది టెండరు రాకముందు. బడ్జెటరీ కొటేషన్ అని ఒకటుంది, అంచనా వెయ్యడానికి ఆఫీసే మార్కెట్లో రేట్లు అడుగుతుంది. అది ఇవ్వడంలో తప్పేమీ లేదు. అందులో రేటు ఒక్కటే రాసి పంపకండి. కొలతలన్నీ విడిగా ఒక పేజీలో రాయండి, ఏ కంపెనీ పేరూ లేకుండా. మీ యూనిట్ ఒక్కటే తయారుచెయ్యగలిగేలా రాస్తే అదీ ఆడిట్‌కి దొరుకుతుంది, పదిమంది చెయ్యగలిగేలా ఉండాలి.

టర్నోవరు, అనుభవం అడగడం గురించి. మధ్యలో చేతులెత్తేసేవాడు వస్తే హాస్టలు పిల్లలు నేలమీద పడుకుంటారు, మళ్లీ టెండరు పిలవాలి, ఈలోపు బడ్జెట్ మురిగిపోతుంది. ఆ భయంతో పెడతారు. అవసరానికి మించి పెట్టేవాళ్లూ ఉన్నారు, అది కొత్తవాళ్లకి జరిగే అన్యాయమే, నేను ఒప్పుకోను.

ఫిబ్రవరి ఫోన్ సంగతి కూడా ఇదే. మార్చి 31 దాటితే ఆ ఏడాది డబ్బు పోతుంది. నిధులేమో ఆలస్యంగా విడుదలవుతాయి. ఏడాది చివర్లో హడావుడిగా ఖర్చుపెట్టడం ఆర్థిక క్రమశిక్షణకి విరుద్ధమని రూల్స్ చెబుతున్నా ఏటా జరిగేది అదే. మీరు వేసవిలోనే కొలతలు, రేట్లు ఇచ్చి ఉంచితే ఫిబ్రవరిలో ఆ గుమస్తాకి మొదట గుర్తొచ్చేది మీ కాగితమే.

చీపురుపల్లి_సప్లయర్:

పెద్దాయన రాసింది గౌరవంగానే చదివాను. కానీ అసలు సంగతి పక్కన పెట్టేశారు. నాకు తెలిసి కొన్నిచోట్ల ముందే పేరు అనుకుని, ఆ పేరుకి సరిపడా షరతులు రాస్తారు. మూడు కొటేషన్లూ ఒకే మనిషి తెచ్చిన ఫైళ్లున్నాయి. బొబ్బిలి తమ్ముడు ఎంత మంచి కాగితం ఇచ్చినా అక్కడ లాభమేంటి?

రిటైర్డ్_సూపరింటెండెంట్_శ్రీకాకుళం:

అలాంటివి లేవని నేననను. నా ఎదురుగా జరిగినప్పుడు ఫైలు మీద నా అభ్యంతరం రాశాను, దానివల్ల బదిలీ కూడా అయింది. లంచం అడిగితే ఏసీబీ నంబరు 1064 ఉంది. షరతు ఒక్కరికే సరిపోయేలా ఉందనిపిస్తే బిడ్ గడువు ముగియకముందే రాతపూర్వకంగా అడగండి, ప్రీ-బిడ్ సమావేశం పెడితే వెళ్లి అక్కడ అడగండి. ఆ ఉత్తరం ఫైల్లో చేరిందంటే దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్లడం ఎంత గట్టివాడికైనా కష్టం. అయిపోయాక 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో కంపారిటివ్ స్టేట్‌మెంట్ కాపీ అడగొచ్చు. ఎవరు ఎంత కోట్ చేశారు, మీరు ఎక్కడ ఆగారు అన్నది అందులో కనిపిస్తుంది. వచ్చేసారికి అదే మీకు పాఠ్యపుస్తకం.

కానీ ప్రతి తిరస్కరణ వెనకా కమీషన్ ఉందనుకుంటే నిజాయతీగా భయపడుతున్న ఆఫీసరుని కూడా మీరు దూరం చేసుకుంటారు. అలాంటివాళ్లే ఎక్కువమందిని చూశాను నేను.

రాజాం_అకౌంట్స్:

నేను బిల్లుల వైపు పనిచేస్తాను, రెండు ముక్కలు కలుపుతాను.

ముందు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు) ఉందో లేదో చూసుకోండి, తయారీదారుగా ఉండాలి, ట్రేడరుగా కాదు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, అంటే రైల్వే, విశాఖ స్టీల్ ప్లాంట్ లాంటివి, 2012 నాటి ప్రొక్యూర్‌మెంట్ పాలసీ ప్రకారం నడవాలి. ఏటా కొనే వాటిలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి రావాలి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీలవి, 3 శాతం మహిళలవి. ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్) మినహాయింపు ఉంటుంది. ఎల్ వన్ పెద్ద కంపెనీ అయి, మీ రేటు దానికి 15 శాతం లోపు ఎక్కువగా ఉంటే, ఆ రేటుకి దిగి కనీసం కొంత భాగం మీరు సప్లయ్ చెయ్యొచ్చు. కొనేవైపు నుంచి చూస్తే ఆ 25 శాతం వాళ్లు చూపించాల్సిన లెక్క, అంటే మీ అవసరం వాళ్లకీ ఉంది. ఆ పాలసీ రాష్ట్ర ఆఫీసులకి వర్తించదు, వాటి దారి వేరు. మొదటి ఆర్డరు కోసం కేంద్ర సంస్థల వైపు చూడమనే నేను చెబుతాను.

డబ్బుల గురించి. మంచాలు దింపిన రోజు నుంచి డబ్బు వస్తుందనుకోకండి, సరుకు సరిగ్గా ఉందని ఒప్పుకుంటూ సంతకం పడ్డాకే బిల్లు కదులుతుంది. జెమ్‌లో అయితే దాని కోసం ప్రత్యేకంగా ఒక సర్టిఫికెట్ ఉంటుంది. రాష్ట్ర ఆఫీసులో డ్రాయింగ్ ఆఫీసరు (బిల్లులు డ్రా చేసే అధికారి) ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ అయిన సీఎఫ్ఎంఎస్‌లో బిల్లు పెట్టాలి, అది ట్రెజరీలో పాసవ్వాలి, ఆ తర్వాత నిధుల విడుదలని బట్టి జమవుతుంది. ఆఫీసరు మీద అరిచినా అది ఆయన చేతిలో లేదు. కానీ బిల్లు వెనక్కొచ్చే కారణాలు చాలావరకు మన చేతిలోనివే. ఆర్డరులో సంస్థ పేరు ఒకలా, బ్యాంకు ఖాతాలో ఇంకోలా ఉండటం, జీఎస్టీ శాతం తేడా, ఆర్డరులో లేని ట్రాన్స్‌పోర్టు ఛార్జీ కలపడం, ఇవే మళ్లీ మళ్లీ చూస్తాను.

2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే, సరుకు ఒప్పుకున్నాక చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు, దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆలస్యమైన చెల్లింపుల కోసం కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ నడిపే పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. ప్రభుత్వ శాఖలకీ ఇది వర్తిస్తుంది. ఫిర్యాదు పెట్టేముందు ఒకసారి మర్యాదగా ఉత్తరం ఇవ్వండి, ఆ ఉత్తరం పట్టుకుని ఆయన కూడా పైవాళ్లని నిధులడగడానికి వీలుంటుంది.

బొబ్బిలి_స్టీల్_ఫర్నిచర్:

ముగ్గురికీ చాలా థ్యాంక్స్. స్పెసిఫికేషన్ గుమస్తా గారు పాత ఫైలు చూసి రాస్తారన్న మాట నాకు అసలు తట్టలేదు. నేను ప్రతిసారీ నేరుగా ఆఫీసరు గది దగ్గరే నిలబడ్డాను. సెక్షన్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంకొక్కటి అడుగుతాను సూపరింటెండెంట్ గారూ. కొలతల కాగితంలో ఐదేళ్ల వారంటీ అని రాస్తే ఆఫీసుకి నమ్మకం పెరుగుతుందా? మేము ఇవ్వగలం.

రిటైర్డ్_సూపరింటెండెంట్_శ్రీకాకుళం:

ఆలోచించి రాయండి బాబూ. పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ అని కాంట్రాక్టు విలువలో కొంత శాతం కడతారు కదా, కేంద్ర నిబంధనల ప్రకారం వారంటీతో సహా మీ బాధ్యతలన్నీ పూర్తయ్యాక ఇంకో 60 రోజుల వరకు అది చెల్లుబాటులో ఉండాలి. ఐదేళ్లు రాస్తే మీ డబ్బు ఐదేళ్లు అక్కడ ఉండిపోతుంది. చిన్న యూనిట్‌కి అది భారమే. రెండేళ్లు రాయండి. దాంతోపాటు వెల్డింగ్ ఊడినా, కాలు వంగినా ఇన్ని రోజుల్లో మనిషిని హాస్టలుకే పంపి బాగుచేయిస్తామని రాయండి. మీరు బొబ్బిలిలోనే ఉన్నారు, దూరం నుంచి వచ్చే సప్లయరు ఆ మాట రాయడానికి వెనకాడతాడు.

ఆ కాగితం సెక్షన్లో ఇచ్చేటప్పుడు ఇన్‌వార్డు నంబరు (కాగితం అందినట్టు రిజిస్టరులో వేసే నంబరు) వేయించుకోవడం మరిచిపోకండి.